నిశ్శబ్దానికి లేచే మనిషి

చెంచయ్య నిద్ర చూడాలంటే తెల్లవారి కావలికి వెళ్ళే మొదటి బస్సు ఎక్కాలి. సముద్రం ఒడ్డునున్న ఊళ్ళన్నీ పలకరించుకుంటూ పోయే పల్లెవెలుగు అది. రొయ్యల గుంటల మలుపు దగ్గర ఆయన ఎక్కుతాడు, వెనకవైపు కిటికీ పక్కన కూలబడతాడు, టికెట్టు జేబులో పెట్టుకునేలోపే గురక మొదలవుతుంది. కావలి బస్టాండులో కండక్టరు భుజం పట్టుకుని కుదిపితే తప్ప లేవడు.

ఆ బస్సులో నిద్రపోవడమంటే మాటలు కాదు. రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేసే మధుబాబు అందులోనే వస్తాడు. ఫోను చెవికి ఆనిస్తే కరుస్తుందన్నట్టు మొహానికి ఎదురుగా పట్టుకుని, స్పీకరు పెట్టి మాట్లాడతాడు. అవతలివాళ్ళ ఇంట్లో ఆ పూట ఏం కూరో బస్సంతటికీ తెలిసిపోతుంది. వెనక సీట్లలో కాలేజీ పిల్లలు ఒకరి ఫోనులో డప్పు పాట, ఇంకొకరి ఫోనులో నవ్వుల వీడియో. చంటిబిడ్డ ఏడిస్తే తల్లి ఇంకో ఫోను తీసి వాడి చేతిలో పెడుతుంది. వీటన్నిటి మీద డ్రైవరు పెట్టిన దేవుడి పాట. మనవాళ్ళకు చెవులున్నాయి గాని, ఎదుటివాడికీ ఉన్నాయన్న సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

చెంచయ్యకు ఇదంతా జోలపాట. దానికి కారణం ఆయన చేసే పని.

ఆయనది చేపల వేటకు పోయే ఇల్లు. నడుము సహకరించినన్నాళ్ళు సముద్రం మీదికి పోయినాడు. తర్వాత నరేంద్రబాబు అనే ఆసామి రొయ్యల గుంటల మీద రాత్రి కాపలాకు కుదిరినాడు. గుంటల్లో ఏరియేటర్లుంటాయి. నీళ్ళను రాత్రంతా చిలికి గాలి పట్టించే చక్రాలవి. కరెంటు పోయి అవి ఆగితే రొయ్యకు ఊపిరాడదు. వెంటనే జనరేటర్ వేసినవాడు పంట దక్కించుకుంటాడు, ఆలస్యం చేసినవాడు తెల్లవారి గట్టు మీద తల పట్టుకుని కూర్చుంటాడు.

చెంచయ్య రాత్రంతా గట్ల మీద తిరిగి, వేకువకు ముందు షెడ్డులో కాస్త నడుము వాలుస్తాడు. ఆ కునుకు ఏరియేటర్ల హోరులోనే. ఉరుములు ఉరిమినా, పక్కన కుక్కలు కొట్టుకున్నా కదలడు. ఆ హోరు ఆగిందా, కళ్ళు తెరవకముందే కాళ్ళు జనరేటర్ వైపు పరుగెత్తుతాయి. అందరూ చప్పుడుకు లేస్తే ఆయన చప్పుడు ఆగితే లేస్తాడు. కరెంటు పోతే గంట మోగే అలారం పెట్టించుకోమని ఎవరన్నా సలహా ఇస్తే నరేంద్రబాబు నవ్వేవాడు.

"మా చెంచయ్య ఉండంగా అలారం దేనికయ్యా? గమ్మునైతే చాలు, చచ్చి శవమైనా లేస్తాడు."

ఆ మాట చెంచయ్య చెవిన పడినప్పుడల్లా ఛాతీ కొంచెం ముందుకొచ్చేది. ఆయనకు ఉన్న ఆస్తి అదొక్కటే. ఆ గుణం ఉన్నంతకాలం ఉద్యోగం ఉంటుంది. అది పోతే ఆ వయసులో పిలిచి పనిచ్చేవాడు ఆ తీరంలో లేడని ఆయనకు బాగా తెలుసు.

పగలు ఇంట్లో నిద్ర ఎందుకు పోడని అడగవచ్చు. ఇంట్లో పేరమ్మ ఉంది. మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగినప్పటినుంచి ఆమెకు మంచమే లోకం. వంట, గుడ్డలు, ఆమెను లేపి కూర్చోబెట్టడం, మందులు, అన్నీ చెంచయ్యే. మధ్యాహ్నం ఆమె మంచం పక్కన చాప వేసుకుంటే దొరికే కునుకు దొరికినంత. అందుకే బస్సులో ఆ ప్రయాణమే ఆయనకు అసలు రాత్రి. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. చెంచయ్య నిద్రకు మాత్రం గోల కావాలి.

ఇట్లా సాగుతున్న బస్సులోకి విజయకుమారి వచ్చింది.

ఆమె కావలిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. అత్తగారి ఊరు సముద్రం ఒడ్డు. ఇల్లు మారి కొత్తగా ఈ బస్సు పట్టుకుంది. మొదటి రోజే చెవులు మూసుకుంది. రెండో రోజు పిల్లలకు చెప్పి చూసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మధుబాబయితే, "బస్సేమన్నా మీ క్లాసురూమా మేడమ్?" అని ఫోనులో మనిషికి కూడా వినబడేట్టు అన్నాడు. ఆమె మొహం చిన్నబోయింది. తనకోసం అడిగితే ఎవరూ వినరని ఆమెకు అర్థమైంది.

అప్పుడు ఆమె కన్ను చెంచయ్య మీద పడింది. ఉప్పుపట్టిన చొక్కా, కిటికీ చువ్వకు కొట్టుకుంటున్న తల, తెరుచుకున్న నోరు. కండక్టరును అడిగితే సంగతంతా చెప్పినాడు. మర్నాడు ఆమె సీట్లోంచి లేచి నిలబడింది.

"కొంచెం ఆలోచించండయ్యా. ఈ పెద్దాయన రాత్రంతా రొయ్యల గుంట కాడ కాపలా కాసి వస్తా ఉండాడు. ఇంటి కాడ భార్యకు బాగలేదంట. ఈ కాసేపే ఆయనకు నిద్ర. మీ ఇండ్లల్లో పెద్దోళ్ళు లేరా? గమ్మునుండండి."

తనకోసం అడిగితే వినని బస్సు చెంచయ్యకోసం విన్నది. మన జనానికి మర్యాద తెలియకపోవచ్చు గాని జాలి మాత్రం దండిగా ఉంది. పిల్లలు ఫోన్లు ఆపినారు. డ్రైవరు పాట కట్టేసినాడు. మధుబాబు సైతం మాట మింగినాడు. ఆ పూట రైల్వే గేటు వేసి ఉండడంతో డ్రైవరు ఇంజను కూడా ఆపినాడు. బస్సులో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం.

చెంచయ్య ఎగిరి లేచినాడు.

"కరెంటు పొయ్యింది! జనరేటర్! జనరేటర్ ఎయ్యండ్రా!"

తువ్వాలు కిందపడింది. ముందు సీటు కడ్డీకి మోకాలు కొట్టుకుంది. బస్సంతా గొల్లుమంది. విజయకుమారికి మాత్రం కళ్ళు చెమర్చినాయి.

"పాపం, కలలో గూడా పనే. ఏం గాలేదు పెద్దాయనా, పడుకోండి. ఇంకెవురూ చప్పుడు చెయ్యరు, నాదీ పూచీ."

అక్కడినుంచి చెంచయ్య కష్టాలు మొదలైనాయి. ఆమె మాట నిలబెట్టుకుంది. రోజూ ఆయన ఎక్కగానే వేలు పెదవుల మీద పెట్టి బస్సంతా కలయజూస్తుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఈమె అడగకుండానే పెడుతున్నది. ఇంజను చప్పుడు తగ్గినప్పుడల్లా ఆయనకు మెలకువ వచ్చేస్తుంది. లేచి చూస్తే అందరూ తనకోసం నోళ్ళు కుట్టుకుని కూర్చుని ఉంటారు. సిగ్గేసి మళ్ళీ కళ్ళు మూసుకుంటాడు. నిద్ర మాత్రం రాదు.

ఒకరోజు ధైర్యం చేసి చెప్పబోయినాడు.

"అమ్మా, వాళ్ళను పాటలు పెట్టుకోనీండి. నాకు సౌండు ఉంటేనే..."

"మీరు మొగమాటపడొద్దు పెద్దాయనా. ఇది మీ హక్కు."

హక్కు అన్న తర్వాత ఏం మాట్లాడతాడు? ఒక ఆడకూతురు తనకోసం పదిమందినీ ఎదిరిస్తుంటే నీ మంచితనం నాకొద్దని చెప్పే నోరు చెంచయ్యకు లేదు. పైగా ఆయన బతుకులో ఆయనకోసం ఎవరూ లేచి నిలబడి మాట్లాడింది లేదు. అది ఆయనకు ఎంత నచ్చిందంటే, నిద్ర చెడినా సరేననిపించింది.

కాని రాత్రులు భయమేసేది. పగటి నిద్ర లేక గట్ల మీద నడుస్తూనే తూలేవాడు. కునుకు పడితే ఎక్కడ లేవనో అని ఆ వేకువ కునుకు కూడా మానేసి, మొహాన నీళ్ళు చల్లుకుంటూ కూర్చునేవాడు.

మనిషి దేనికైనా అలవాటు పడతాడు, అదే వాడి బలం, అదే వాడి కర్మ. వానలు వెనకబట్టేసరికి చెంచయ్యకు బస్సులో మెలకువలు తగ్గినాయి. ఇంజను ఆగినా ఒకసారి కదిలి మళ్ళీ గురకలోకి జారేవాడు. ఆ తర్వాత కదలడం కూడా మానేసినాడు. నిశ్శబ్దంలో నిద్ర అంత లోతుగా ఉంటుందని ఆయనకు అంతవరకు తెలియదు. కళ్ళ కింద నలుపు పోయింది. అన్నం సయించింది. రాత్రులు తూలడం లేదు గనక వేకువ కునుకు మళ్ళీ మొదలుపెట్టినాడు.

ఒక మధ్యాహ్నం మంచం మీదినుంచి పేరమ్మ ముచ్చటపడింది.

"కరెంటు పొయ్యి శానా సేపయింది. ఫ్యాను ఆగితే ఉలిక్కిపడి లేచేవోడివి, ఈ రోజు కదల్లా మెదల్లా. భలే నిద్రపొయ్యినావయ్యా."

"అవునా?" అని నవ్వినాడు చెంచయ్య. నవ్విన తర్వాత ఒక్క క్షణం ఏదో మనసులో మెదిలింది. ఇంతలో ఆమె మందుల వేళయిందని గుర్తొచ్చి లేచినాడు.

రొయ్యలు పట్టుబడికి వచ్చే ముందు ఒక రాత్రి కరెంటు పోయింది. ఏరియేటర్లు ఒక్కొక్కటే తిరగడం ఆపినాయి. చెంచయ్య షెడ్డులో నిద్రపోతున్నాడు. ఆయనకు మెలకువ వచ్చేసరికి ఆకాశం తెల్లబడుతూ ఉంది, కాకులు గుంటల మీద ముసురుకుంటున్నాయి. జనరేటర్ దగ్గరకు పరుగెత్తినాడు గాని అప్పటికి దాన్ని వేసినా వేయకపోయినా ఒకటే.

నరేంద్రబాబు వచ్చి గట్టు మీద నిలబడినాడు. కేకలేస్తాడేమోనని చెంచయ్య చూసినాడు. వేసి ఉంటే బాగుండేది.

"తాగినావా?"

"లేదు బాబూ."

"మరి?"

ఉన్నది చెబితే ఎవరు నమ్ముతారు?

"ఇంటికి పో చెంచయ్యా. రేపటినుంచి రావద్దు."

ఎప్పటి బస్సే వచ్చింది. చెంచయ్య ఎక్కి ఎప్పటి సీట్లోనే కూర్చున్నాడు. విజయకుమారి ముందు సీట్లోంచి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టింది. కొత్తగా ఎక్కినవాళ్ళెవరో ఫోను తీయబోతే పక్కవాళ్ళే వద్దని సైగ చేసినారు. మధుబాబుకు వార్త అప్పటికే ఫోనులో వచ్చేసింది. ఆయన చెంచయ్య వైపు ఒకసారి చూసి, మోగుతున్న ఫోను నొక్కేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

పేరమ్మకు ఏమని చెప్పాలో చెంచయ్యకు తోచలేదు. ఎవరికీ మొహం చూపించాల్సిన పని లేకుండా కళ్ళు మూసుకున్నాడు. నిద్ర మాత్రం దగ్గరికి రాలేదు. చంటిబిడ్డ ఊపిరి కూడా వినబడుతున్నది.

కావలిలో దిగేటప్పుడు విజయకుమారి ఆయనకోసం మెట్టు దగ్గర ఆగింది. ఆయన మొహం వాడి ఉంది గాని, నిద్రమొహమనుకుంది.

"ఇప్పుడు నిద్ర బాగా పడతా ఉండాదా పెద్దాయనా?"

ఆ పిల్ల కళ్ళల్లో ఉన్న సంతోషం చూసి చెంచయ్య కోపం తెచ్చుకుందామనుకున్నా రాలేదు.

"బాగా పడతా ఉండాదమ్మా. నిన్న రాత్రి గూడా పట్టింది."

"చూసినారా, నేను చెప్పలా!" అంది ఆమె, మొహం ఇంత చేసుకుని.

చెంచయ్య అవునన్నట్టు తలూపినాడు.