కామాకి ఒకటి, ఫుల్‌స్టాప్‌కి రెండు

ఉదయం ఏడున్నరకి అల్వాల్‌లో బస్సెక్కేసరికే నేను నేర్చుకున్న ఇంగ్లిష్‌లో సగం మర్చిపోయాను. నాలుగేళ్ల మా చిన్నికి సైనిక్‌పురిలోని ఒక స్కూల్లో సీటు కావాలి. పదింటికి ఇంటర్వ్యూ. పరీక్ష పిల్లకి కాదు, నాకు! తల్లికి ఇంగ్లిష్ రాకపోతే ఫారం వెనక్కిచ్చేస్తారని మా వీధిలో అందరూ బెదరగొట్టారు. విజయనగరం వదిలి మావారు ఈ ఊళ్లో కంప్యూటర్ ఉద్యోగంలో చేరి ఏడాదైంది. ఆయనకి సెలవు దొరకలేదు. "ఏటి అడిగినా భయపడకు" అనేసి ఆఫీసు బస్సెక్కేశారు. చెప్పడానికేం!

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగేసరికి ఎనిమిదీ పది. ఎటు చూసినా కంప్యూటర్ కోర్సులు, స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులే. అలాంటి బోర్డున్న ఒక మేడ మీదే మూడు నెలలుగా నేనూ నేర్చుకుంటున్నాను. మా మాస్టారిది ఒక పద్ధతి. మాట్లాడేటప్పుడు కామా వచ్చే చోట చూపుడువేలితో ఒకసారి తట్టాలి, ఫుల్‌స్టాప్ దగ్గర రెండుసార్లు. అలా చేస్తే తొందరపడమట. ఇంట్లో పొయ్యిగట్టు మీద కూడా తట్టి తట్టి సాధన చేశాను. వేలు కుదిరితే మాట పోతుంది, మాట కుదిరితే వేలు ఆగిపోతుంది. ఖర్మ!

చిన్నీ నేనూ ఇడ్లీ తిని ఎనిమిదిన్నర బస్సెక్కాం. నాకు టికెట్ ఐదు రూపాయలు, చిన్నికి లేదు. పక్క సీట్లో ఒకావిడ, ఒళ్లో జాకెట్టు ముక్కల సంచి. సాధన అవుతుంది కదా అని ధైర్యం చేసి, ముందు సీటు కమ్మీ మీద వేలు తడుతూ, "ఎక్స్‌క్యూజ్ మీ, మేడమ్, వాట్ ఈజ్ ద టైమ్?" అన్నాను. ఆవిడ గాభరాగా గడియారం చూసుకుని, "ఇట్ ఈజ్ ఎయిట్ ఫార్టీ, మేడమ్" అంది. సంచి మీద ఆవిడ వేలు ఒకసారి తట్టింది, చివర్లో రెండుసార్లు.

"అక్కా, నువ్వు సుత మా సార్ క్లాసేనా?" అంది నవ్వుతూ. "నాది సాయంత్రం బ్యాచ్. సైనిక్‌పురిల టైలర్ దుకాణంల పనిచేస్త. మిలిటరోళ్ల మేడమ్‌లు వస్తరు, వాళ్లకు తెలుగు రాదు. అందుకే నాకు గీ తక్లీఫ్."

నా సంగతి చెప్పాను. "పరేషాన్ గాకు. నేనే ప్రిన్సిపాల్ అనుకో, షురూ చేద్దాం" అని గొంతు సవరించుకుంది. "హౌ మెనీ హుక్స్, మేడమ్?" అని అడిగింది. నాకేం అర్థం కాలేదు. "సిక్స్" అన్నాను. "బస్, సీటొచ్చినట్టే!" అంది.

తొమ్మిదింబావుకి స్కూలు చేరాం. పదింటికి లోపలికి పిలిచారు. ప్రిన్సిపాల్ మేడమ్‌కి యాభై ఏళ్లుంటాయి. "ప్లీజ్ సిట్, మదర్. వాట్ లాంగ్వేజ్ డు యూ స్పీక్ ఎట్ హోమ్?" అంది. తల దించుకున్నాను. అప్పుడు కనిపించింది, బల్ల మీద ఆవిడ చూపుడువేలు. "సిట్" దగ్గర ఒకసారి, "మదర్" దగ్గర రెండుసార్లు ఇందాక వినిపించిన చప్పుడు ఇదన్నమాట!

బుర్ర తిరిగిపోయింది. ఈవిడా మా మాస్టారి శిష్యురాలేనా? ఏ బ్యాచ్? అడగొచ్చా? ఏమీ తోచక నా వేలు కూడా బల్ల మీద పెట్టి, "ఎట్ హోమ్, మేడమ్, తెలుగు" అన్నాను, తట్టుకుంటూ.

ఆవిడ నా వేలు చూసింది. తన చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. తర్వాత ఫారం మీద సంతకం పెట్టి, బయట గుమాస్తాకి వినపడకుండా తెలుగులో, "సోమవారం పాపని తీసుకురండమ్మా" అంది.

పదకొండున్నరకి తిరుగు బస్సు. ఇదే పని మీద వెళ్లే తల్లులెవరైనా ఉంటే సికింద్రాబాద్‌లోనే కడుపునిండా తిని వెళ్లండి, స్కూలు దగ్గర ఏమీ దొరకదు. సీటొచ్చిందన్న సంతోషం పట్టలేనంత ఉంది. కానీ ఈ ఊళ్లో ఇంగ్లిష్ నిజంగా ఎవరికొచ్చో, ఎవర్ని చూసి ఎవరు భయపడుతున్నారో మాత్రం నాకిప్పటికీ తెలియలేదు.

అల్వాల్ బస్సులో చిన్ని నా మోకాలి మీద వేలు పెట్టింది. "అమ్మా" అని ఒకసారి తట్టింది. "ఆకలేస్తోంది" అని రెండుసార్లు తట్టి, సరిగ్గా చెప్పానా అన్నట్టు బెదురుగా నా మొహంలోకి చూసింది. నాకు ఏడుపొచ్చింది. ఆ వేలు గుప్పిట్లో పట్టుకుని, "నాతో లెక్కలేం వద్దు తల్లీ, నోటికెలా వస్తే అలా అడుగు" అన్నాను.

"అయితే అమ్మా ఆకలేస్తోంది జంతికలు కొను నీళ్లు కూడా కిటికీ పక్కన నేనే కూర్చుంటా" అంది, ఊపిరి తీసుకోకుండా.