సిలువ అనగా

చేవెళ్లలో తొమ్మిదింపావు బస్సు ఎక్కగానే నా తెల్లగడ్డం చూసి ముగ్గురు లేచి సీటిచ్చారు. నిజానికి ఒక్కావిడే లేచింది, అదీ ఆమె దిగేచోటు వచ్చి.

మా చర్చి కొత్త గేటు పక్కన పెట్టే రాతిపలకను మొయినాబాద్‌లో చెక్కుతున్నారు. ఆదివారం ప్రతిష్ఠ. సిలువ అనే పేరు ఎట్లా వచ్చిందో పలక మీద రెండు ముక్కలు ఉండాలని కమిటీవాళ్లు అంటే, నేనే రాసిచ్చాను: ‘సిలువ అనగా మన పూర్వులు శిల మీద గీసిన గుర్తు.’ మా ముత్తాత కాగితాల్లో దొరికిందన్నాను. ముత్తాతకు సంతకం కూడా రాదు.

పక్కసీటులో మొయినాబాద్ దర్జీ హమీద్ భాయ్. ఆయనకూ ఈ పరిశోధన వినిపించాను.

"ఉర్దూల మేం సలీబ్ అంటం బాపు. సిలువ, సలీబ్ ఒక్కతీరుగ లేవా? కొయ్యకు వేలాడదీసి చంపుడే గాని, మా దాన్ల శిల గిల లేదు" అన్నాడాయన.

అజీజ్‌నగర్‌లో ఏదో పెళ్లికి వెళ్లి ఉన్న మా పాస్టరు గారికి బస్సులోంచే ఫోను చేశాను.

"అది సిరియాక్ మాటయ్యా, స్లీబా. యేసు మాట్లాడిన భాషకు దగ్గరి భాష. కేరళల పాతకాలపు క్రైస్తవుల ఆరాధన దాన్లనే. ఆడికెల్లి తమిళంల సిలువై, మనకు సిలువ. సలీబ్ గూడ ఆ కుటుంబమే."

"మరి నాకు ముందే చెప్పొద్దా?"

"ముత్తాత కాగితాలంటిరి. పెద్దమనిషిని ఎట్ల కాదంట?"

పది గంటలకు దిగి పరుగెత్తాను. అంటే, కర్ర ఊపుకుంటూ గబగబా నడిచాను. శిల్పులు ముందు రాతి మీద జాజుతో అక్షరాలు రాసుకుని, ఆ ఎర్ర గీతల మీద ఉలి నడుపుతారు. సందు మొదట్లోకే ఆ చప్పుడు వినిపిస్తున్నది.

"యాదయ్యా, ఆపు!"

చెక్కే యాదయ్య తలెత్తాడు. ‘సిలువ అనగా’ వరకు ఉలి దిగింది. మిగిలిందంతా ఇంకా జాజే.

"తప్పున్నదా సార్?"

"నీ చేతుల లేదు. నా నోట్ల ఉన్నది."

"జాజే గద, తడిగుడ్డతోటి పోతది. చెక్కినంక అయితె మనిద్దరం పోయినా అది పోదు."

హమీద్ భాయ్, పాస్టరు గారు చెప్పింది విడమర్చి చెప్పాను, యాదయ్య కొత్తగా రాసుకున్నాడు: ‘సిలువ అనగా కొయ్యకు వేలాడదీయుట. సిరియాక్ నుండి నడిచివచ్చి మనదైన మాట.’ కింద ‘వివరణ’ అని నా పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నది. కమిటీ పెట్టమన్నదని ఇంట్లో చెప్పుకున్నాను. పెట్టమన్నది నేనే.

"ఇది ఉండనీయాల్నా?"

గుడ్డ అడిగి నేనే తుడిచాను.

పదకొండున్నరకు తిరుగు బస్సు. మీరెవరైనా ఈ దారిన వస్తే కిటికీ కన్నా పక్కసీటు మనిషి మేలని నా అనుభవం. ఎర్రబడిన నా వేళ్లు చూసి కండక్టరమ్మ అడిగింది, "ఏం పని చేసొస్తున్నవ్ తాతా?"

శాసనం రాయించి వస్తున్నానని అనబోయాను.

"ఒక అబద్ధం తుడిచి వస్తున్న బిడ్డా" అన్నాను.