ఏడు కమాన్ల వంతెన

ఫ్రాన్సు దేశంలో, కొండల నడుమ ఒక పల్లెటూళ్లో, ఏడు కమాన్ల రాతి వంతెన మీద నేను నడిచాను. కింద పారే నది మన మూసీకి పదింతలు. నీళ్లు మాత్రం మూసీ నీళ్లు కావు, అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. వంతెన దాటితే పాత రాతి చర్చి. దాని గంట మోగితే మూడు ఊళ్ల అవతల మేసే గొర్రెలు కూడా తలెత్తుతాయి. చర్చి వెనక అడవిలోకి పోతే జలపాతం. ఆ తుంపర మొహాన పడితే మనిషికి అయిదేళ్ల వయసు తగ్గుతుందని అక్కడివాళ్ల నమ్మకం.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాతో కలిసి ఇరానీ చాయ్ తాగిన ఎవరినైనా అడగండి, ఈ సంగతులన్నీ అప్పజెబుతారు. నిజం కూడా చెప్తాను, కాకపోతే కొంచెం కొంచెంగా. ఒక్కసారే మొత్తం చెప్పే అలవాటు నాకు లేదు.

మాది పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు. పిల్లల చదువుల కోసం ఎల్బీనగర్ వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో చాలా ఏళ్లు చీరలు మడతపెట్టాను. మగ్గాన్ని మాత్రం వదల్లేదు. డాబా మీద రేకుల షెడ్డులో ఉంది. ఇంట్లో పని పంపకం తాతల నాటిదే. నేను నేస్తాను, నా భార్య చిటికి కడుతుంది. నూలును చట్రం మీద బిగించి, బొగ్గుతో బొమ్మ గీసి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి కట్టడమే చిటికి. రంగులో ముంచి, ఆరబెట్టి, ముడి విప్పితే అక్కడ తెల్లగా మిగులుతుంది. ఆ పోగులు మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి చేరితే బొమ్మ లేస్తుంది. అంటే పువ్వైనా ఏనుగైనా ఆమె ముడుల్లోనే పుట్టి ఉంటుంది. నేను కాళ్లాడిస్తాను. పేరు మాత్రం నాకు వస్తుంది.

ఫ్రాన్సు నుంచి పిలుపొచ్చినప్పుడూ అదే జరిగింది. ఆ ఊళ్లో నేతపనుల పండగ పెట్టారు, మగ్గం మీద నేసి చూపించే మనిషి కావాలన్నారు. నేసేవాణ్ని నేను కాబట్టి నేనే పోయాను. ఆమె కట్టిన నూలు నా సంచిలో విమానం ఎక్కింది. ఆమె ఎక్కలేదు.

అప్పుడు నా మరదలు, అంటే నా భార్య చెల్లెలు, దవాఖానలో ఉంది. జ్వరం దిగడం లేదు, డాక్టర్లు ఏ మాటా గట్టిగా చెప్పడం లేదు. బయల్దేరే పొద్దున నా భార్య టమాట పచ్చడి డబ్బా సంచిలో కుక్కుతూ అంది:

"ఏమయ్యా, ఆడ మన గుళ్లుంటయో ఉండయో. చర్చైనా సరే. ఎవలి దేవుడైతేంది? చెల్లె పేరు మీద ఒక్క దీపం పెట్టు. నేను మొక్కుకున్న."

"ఒక్కటేంది, పది పెడ్త," అన్నాను. నా నోరు అప్పుడూ ఇంతే.

అక్కడ నన్ను కూర్చోబెట్టిన హాలు చర్చి పక్కనే ఉండేది. రోజంతా మగ్గం, చుట్టూ మూగే జనం. తిండి మాత్రం రొట్టె. పొద్దున రొట్టె, మధ్యాహ్నం రొట్టె, రాత్రి దాని అన్న లాంటి రొట్టె. నాలుగు రోజులకు నా కడుపు నన్నే తిట్టడం మొదలుపెట్టింది. అయిదో రోజు సెలవు. నన్నూ, పండగకొచ్చిన ఇంకొందరు నేతగాళ్లనూ ఇంట్లో పెట్టుకున్న తెల్లజుట్టు పెద్దావిడ, మనిషి చాలా మంచిది, తన వ్యానులో అందరినీ ఊరు చూపించడానికి బయల్దేరదీసింది. వంతెన, చర్చి లోపల, అడవిలో జలపాతం.

నేను పొట్ట పట్టుకుని మూలిగాను. పాపం, ఆవిడ నా నుదురు కూడా తాకి చూసింది.

వ్యాను మలుపు తిరగ్గానే లేచి గడియ పెట్టి, సంచి అడుగున దాచిన చిన్న రైస్ కుక్కరు తీశాను. బియ్యం వెంట తెచ్చుకున్నాను. అన్నం వండుకుని, టమాట పచ్చడి కలుపుకుని, వేళ్లు నాకి, పడుకున్నాను. లేచేసరికి వాళ్లు తిరిగొచ్చారు. అందరి బూట్లకూ తడి మట్టి, అందరి మొహాల్లో వెలుగు. నా మొహంలో పచ్చడి.

జలపాతాన్ని నేను చూడనే లేదు. చర్చి వాకిట్లో మాత్రం రెండుసార్లు నిలబడ్డాను, వాన పడుతుంటే. తలుపు చేతికందేంత దూరంలో ఉంది. పాత చెక్క తలుపు, ఇనుప కడ్డీలు, కింద నాచు. తోస్తే తెరుచుకునేదే. లోపల చలిగా ఉంటుందనిపించి తోయలేదు. మరదలు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. రేపు పెడదాంలే అనుకున్నాను. రేపు తిరుగు ప్రయాణం. స్టేషనుకు పోతుంటే వ్యాను కిటికీలోంచి వంతెన కనిపించింది. ఒకటే కమాను. పొడవు మన ఆర్టీసీ బస్సంత ఉంటుందేమో. పక్కన తీగలు, కింద సన్నటి ఏరు. తిరిగి చూసేలోపే చెట్లు కమ్మేశాయి.

ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే నా భార్య అడిగింది: "దీపం పెట్టినవా?"

మరదలు అప్పటికే లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. ఇల్లంతా సంతోషం. ఆ సంతోషంలో లేదని ఎట్లా అంటాను?

"పెట్టిన. ఉత్త దీపం గాదు, మోచెయ్యంత మైనపొత్తి."

"ఎప్పుడు?"

"నేను పోయిన అయిదో రోజు."

ఆమె చెల్లెలి వైపు తిరిగింది. "గా రోజే గదనే నీకు జరం దిగింది!"

ఇక వెనక్కి తీసుకునే దారి లేకుండా పోయింది. మరదలు అప్పట్నుంచి మా ఇంటికి ఎప్పుడొచ్చినా, కోడికూరలో మంచి ముక్క నా పళ్లెంలో వేసి, "బావా, నువ్వు పెట్టిన దీపమే నన్ను కాపాడింది" అంటుంది. అబద్ధం దీపాన్ని నిలబెట్టాలంటే దానికి చర్చి కావాలి కదా. చర్చికి పోవాలంటే వంతెన కావాలి. వంతెన చిన్నదైతే ఎవరు నమ్ముతారు? అట్లా ఏడాదికో కమాను కట్టుకుంటూ పోయాను. ఫొటోలేవంటే, ఫోను వంతెన మీంచి నదిలో పడిందన్నాను. ఊరి పేరు చెబితే ఎవరైనా ఫోనులో వెతికి చూస్తారని, నోరు తిరగదన్నాను.

మా కింది వాటాలో కిరాయికి ఉండే గుంటూరు మాస్టారు రిటైరైనా లెక్కలు మరిచిపోలేదు. ఒకరోజు చాయ్ దగ్గర పట్టుకున్నాడు.

"ఏవండీ, పోయిన ఉగాదికి అయిదు కమాన్లన్నారుగా? మధ్యలో ఎవరైనా కాంట్రాక్టరుకిచ్చి రెండు కట్టించారా?"

"నేను పోయినప్పుడు వరద సార్. రెండు నీళ్లల్ల మునిగున్నయి. ఇప్పుడు యాదికొచ్చినయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇదంతా చాయ్ ఖర్చులో పోయేదే, ఈ ఏడాది ఒక ఫోను రాకపోతే. నాతో ఫ్రాన్సుకు వచ్చిన ఇంకో నేతగాడు చేశాడు. ఆ తెల్లజుట్టు పెద్దావిడ హైదరాబాదు వస్తోందట, మా ఇంట్లో భోంచేస్తానందట.

నేను మనసులో కమాన్లు లెక్కబెట్టుకున్నాను. నా భార్య మొహం మాత్రం వెలిగింది.

"ఇంటికొచ్చిన ఆడామెను బొట్టు వెట్టి గుడ్డ వెట్టకుండ పంపుతమా? అదీ దుకాణంలది గాదు, మన చేతిది. ఆమె ఊరునే కట్టి ఆమెకు పెడ్త. వంతెన, చర్చి, నా దీపం."

కంటి ఆపరేషన్ అయిన మనిషి. ఇదే ఆఖరి చిటికి అంది. ఇక రోజూ డాబా మీద చట్రం ముందు కూర్చునేది. మెట్రో రైలు పోయే చప్పుడులో నన్ను కేకేసి అడిగేది.

"కమాన్లు ఏడే గద?"

"ఏడే."

"దీపం తలుపుకు ఏ పక్కన?"

"కుడి పక్కన." చూడని లోపలికి కుడి పక్క కూడా చెప్పాను.

కట్టినంతసేపే మార్పులు. ఒకసారి రంగులో మునిగిందంటే ఆ బొమ్మే ఖాయం. రేపు రంగు అనగా మధ్యాహ్నం పైకి పోయాను. రంగు కలిపే గాబులో నీళ్లు నింపి ఉన్నాయి. చట్రం మీద నల్లటి రబ్బరు ముడులతో నా ఏడు కమాన్లు వరసగా నిలబడ్డాయి. ఇన్నేళ్లు గాలిలో కట్టినవాటిని మొదటిసారి కళ్లతో చూశాను. వాటి పక్కన చర్చి, తలుపుకు కుడివైపు ఆవగింజంత ముడి ఒకటి. ఆ ముడి కట్టడానికి ఆమె కళ్లు ఎంత చికిలించి ఉంటుందో. నేశాక ఈ గుడ్డను ఆ ఊరి మనిషి ఒళ్లో పెట్టి మురిసిపోతుంది. ఆ మనిషి చూసి ఏమంటుంది? నవ్వేది నన్ను చూసి కాదు, ఈమె పనిని చూసి.

"గా వంతెన ఇప్పు," అన్నాను.

"ఎందుకు?"

"ఏడు లెవ్వు. ఒక్కటే."

ఆమె రబ్బరు పట్టీ పంటి కింద పట్టుకునే నన్ను చూసింది. "జలపాతం?"

"పోలే. అన్నం వండుకొని తిని పన్న."

ఇంతసేపూ ఆమె మొహంలో కోపం లేదు. నవ్వే మొదలవబోయింది కూడా. అంతలో ఆమె చెయ్యి ఆ చిన్న ముడి మీదికి పోయి ఆగింది.

"దీపం?"

నేను గాబులో నీళ్లకేసి చూశాను.

"అయ్యో, నువ్వేం మనిషివయ్యా. కమాన్లు ఎన్నన్న చెప్పుకో. అది మొక్కు. చెల్లె పానం మీది మొక్కు."

నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది. చిన్న కత్తెర తీసి కమాను తర్వాత కమాను విప్పడం మొదలుపెట్టింది. సాయానికి నేను చెయ్యి చాపితే పక్కకు నెట్టింది. ఆరు కమాన్లున్న జాగాను ఉత్తగా వదిలేసింది, నీలిరంగులో అదంతా నీళ్లవుతుందని. ఆ ఆవగింజ ముడిని మాత్రం విప్పలేదు. దాని మీదే ఇంకో పట్టీ చుట్టి బిగించింది.

నేసినన్ని రోజులూ అన్నం పెట్టింది, మాట పెట్టలేదు.

పెద్దావిడ వచ్చింది. జుట్టు ఇంకా తెల్లబడింది. ఇంగ్లీషు చెప్పడానికి కింది మాస్టారును పిలిచాం. భోజనమయ్యాక నా భార్య బొట్టు పెట్టి, గుడ్డ ఆవిడ ఒళ్లో పరిచింది. ఆవిడ వంతెన చూసి చప్పట్లు కొట్టింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఒకటే కమానును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆవిడ వేలు మెల్లగా చర్చి మీదికి పోయి ఆ తెల్ల చుక్క దగ్గర ఆగింది. ఇదేంటని అడిగింది.

"నువ్వే చెప్పు," అంది నా భార్య. చాలా రోజుల తర్వాత నాతో అన్న మాట అది.

చెప్పాను. మొక్కు, దవాఖాన, పొట్టనొప్పి, పచ్చడి, అన్నీ. మాస్టారు మధ్యలో ఆగి, "ఏవండీ, ఇది కూడా నేను చెప్పాలా?" అని గొణిగాడు. చెప్పమన్నాను. ఆవిడ నవ్వలేదు. చర్చి ఇప్పుడు ఎక్కువగా మూసే ఉంటుందని, పండగలకే తీస్తారని మాత్రం అంది.

నా భార్య లోపలికి పోయి చిన్న పొట్లం తెచ్చింది. ఆ గుడ్డ నేయగా మిగిలిన పోగులతో ఒత్తులు చేసి పెట్టుకుందట, నాకు తెలియకుండా. "తీసిన రోజు పెట్టమను సార్. చెల్లె పేరు నేను చెప్త, ఆమెతోని అనిపియ్యి," అంది. ఆవిడ ఆ పేరును రెండు మూడుసార్లు పలికి, పొట్లాన్ని కళ్లజోడు డబ్బాలో దాచుకుంది.

ఆ దీపం వెలిగిందో లేదో నాకింకా తెలియదు. చాయ్ దగ్గర ఒక్కటే కమానని చెప్తే ఎవరూ నమ్మడం లేదు. ఇంకేదో దాస్తున్నానంటున్నారు.

మొన్న ఆదివారం మరదలు వచ్చింది. ఆమె గేటు తీస్తుండగానే నా భార్య నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: "దానికి చెప్పకు. అది నమ్ముకున్నది. బరువు నువ్వే మొయ్యి."

మరదలు ఎప్పట్లాగే కోడికూరలో మంచి ముక్క ఏరి నా పళ్లెంలో వేసింది. "బావా, నీ దీపమే..." అని మొదలుపెట్టింది. ఎదురుగా నా భార్య కళ్లు దించుకుని అన్నం కలుపుతోంది.

నేను తలూపి ముక్క నోట్లో పెట్టుకున్నాను.