బుచ్చయ్య ఇరవై అంకెలు

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, జూన్ నెలలో, పాలమూరు వైపు ఒక బస్సు డిపోలో నన్ను సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. అంటే స్టీరింగు వదిలి, తోటి డ్రైవర్లకు పరీక్షలు పెట్టే పని. అందులో ముఖ్యమైంది బ్రేకు పరీక్ష. డ్రైవరు యాక్సిలరేటరు మీద కాలు పెట్టి కూర్చుంటాడు. ఎదుట ఎర్ర లైటు వెలగగానే బ్రేకు తొక్కాలి. ఎంతసేపట్లో తొక్కాడో మిషను సెకనులో నూరోవంతు లెక్కన చూపిస్తుంది. ఇరవైసార్లు తొక్కించి, సరాసరి తీసి, ఫారంలో రాయాలి. అరవై లోపు ఉంటే పాస్. ఫారంలో సరాసరికి తప్ప వేరే గడి లేదు.

బుచ్చయ్య నాతోపాటే ఉద్యోగంలో చేరినవాడు. ఇరవై ఐదేళ్లు ఒక్క ప్రమాదం లేకుండా నడిపినందుకు ఆ పంద్రాగస్టుకు అతనికి పతకం రానుంది. నేనూ ఆ పతకం మీద ఆశ పెట్టుకున్నవాణ్ణే. సర్వీసులో పందొమ్మిదో ఏడు, దేవరకద్ర దాటాక ఒక ఎద్దుబండిని రాసుకుపోయాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు, నా రికార్డుకే తగిలింది. అప్పటినుంచీ క్యాంటీన్లో ఎవరైనా బుచ్చయ్యను మెచ్చుకుంటే నాకు కిట్టేది కాదు.

అతనికి పరీక్ష పెట్టిన రోజు సరాసరి నలభై ఎనిమిదిన్నర వచ్చింది. నాది యాభై రెండు. పరీక్ష పెట్టేవాడికన్నా రాసేవాడే మెరుగన్నమాట. ఒళ్లు మండిపోయింది. ఎక్కడో ఒక తప్పు ఉండి తీరాలని ఇరవై అంకెలూ వేలు పెట్టి చదివాను. పదిహేడు నలభైకి అటూ ఇటూగా ఉన్నాయి. మిగిలిన మూడు తొంభై, తొంభై ఐదు, నూట ఐదు. నావి ఇరవైయీ యాభైకీ యాభై నాలుగుకీ మధ్యే ఉంటాయి.

నా కుళ్ళే నాకిలా చూపిస్తోందేమో అనిపించి, ఆ వారంలోనే మళ్ళీ పరీక్ష పెట్టాను. అదే తీరు. అతనితో మక్తల్ సర్వీసు చేసే కండక్టర్ మణెమ్మను అడిగాను. ఆమె, "మనిషి బంగారం సార్. గని మొన్న మరికల్ కాడ ఆపమని రెండుమాట్ల బెల్లు కొట్టిన, ఇనలే. దిగేటోళ్లు లొల్లి వెట్టంగ గప్పుడు ఆపిండు" అంది.

డ్యూటీ ఆపమని రాస్తానంటే బుచ్చయ్య లేచి నిలబడ్డాడు. "పాసైనోన్ని ఆపుతవా? ఇరవై ఐదేండ్లు నిండనీకి ఇంక నెలే ఉన్నది. నువ్వు నా మీద పడి ఏడుస్తున్నవని డిపోల కుక్కకు గూడ ఎరుకే" అన్నాడు. అతనన్నది నిజమే. రాశాను. రాస్తుంటే సంతోషం కూడా వేసింది.

డిపో మేనేజరు అతన్ని హైదరాబాదు దవాఖానకు పంపించారు. అక్కడి డాక్టరు నాకు ఫోన్లో వివరంగా చెప్పారు. ఒకసారి ఆలస్యం కావడం ఎవరికైనా మామూలే. ఒకే మనిషి వేగం మాటిమాటికీ ఇంతగా మారుతుంటే మాత్రం ధ్యాస మధ్యమధ్య తప్పుతోందని అనుమానించాలట, కారణం వెతకాలట. బుచ్చయ్యకు మతిమరుపు జబ్బు మొదలైందని తేలింది. విచారణ కౌంటర్లో కూర్చోబెట్టారు. దవాఖానకు తిరిగిన సెలవు రోజులు కూడా సర్వీసులో కలిపి పతకం ఇచ్చారు. జబ్బు మనిషి మెడలో పతకం చూసి కూడా నేను అసూయపడ్డాను. దాచి లాభం లేదు.

మర్నాడు డాక్టరు మాట గుర్తొచ్చి, అంతకుముందు నేను పాస్ చేసినవాళ్ల అంకెలు కూడుకున్న చిత్తు కాగితాలన్నీ తీశాను. నాలుగోది మల్లేశానిది. రోజూ నాతో టీ తాగే స్నేహితుడు. సరాసరి యాభై. అంకెల్లో తొంభై పైబడినవి రెండు, నూట పది ఒకటి. ఆ రోజు అతనితో నవ్వుతూ మాట్లాడుతూనే కూడి, భాగించి, సంతకం పెట్టాను. ఆ సంతకం చూసే అతన్ని శ్రీశైలం ఘాట్ రోడ్డు సర్వీసుకు వేశారు. రెండు నెలలుగా ఆ మలుపుల్లో యాభై మందిని ఎక్కించుకుని తిరుగుతున్నాడు. ఆ పూటే డ్యూటీ చార్టులో అతని పేరు కొట్టించాను. సరైన నిద్ర పట్టని జబ్బని తర్వాత తేలింది. నాతో టీ తాగడం మానేశాడు.

రిటైరయ్యేదాకా ప్రతి ఫారం వెనకా ఇరవై అంకెలూ రాయించాను. ఎవరి కాగితమైనా కిట్టనివాడి కాగితం చదివినట్టే చదవాలి. ఆ ఏడు నేను సరిగ్గా చదివింది బుచ్చయ్యదొక్కటే.