గుండూ, మీసమూ, కొత్త ఇఖామా

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, "గంగారాం ఎవరో నాకు తెలియదు" అని సాక్షాత్తూ గంగారాంనైన నేనే చెప్పి, బతుకుతెరువును చేజేతులా పోగొట్టుకోబోయిన కథ ఇది.

సెల్‌ఫోన్లకు ఇంకా బటన్లున్న రోజులు. రియాద్‌లోని మలాజ్‌లో చిన్న మంగలి షాపు. లైసెన్సు ఒక సౌదీ కఫీల్‌ది, అంటే మాకు పూచీగా ఉండే యజమానిది; కత్తెర నాదీ లింగన్నదీ. ఆ కఫీల్ మొహం మేమిద్దరం ఎన్నడూ చూడలేదు, అన్నీ ఆయన మనిషే నడిపేవాడు. లింగన్న కాగితాలు బాగానే ఉన్నాయి. తిరకాసంతా నాదే. ఆ దేశంలో ఉండాలంటే కావలసిన ఇఖామా కార్డు నాకు పాత కంపెనీ పేరు మీద ఉంది, అందులో నా వృత్తి పెయింటర్! ఈ కఫీల్ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టి ఏడాది కావస్తోంది. కొత్త కార్డు వచ్చేదాకా కత్తెర ముట్టకూడదు, ముట్టి దొరికితే నేరుగా విమానం ఎక్కిస్తారు. నేను ఆగితేగా!

ఒక సాయంత్రం షాపు ముందు కారు ఆగింది. మడమలదాకా తెల్లటి తోబ్ వేసుకున్న పెద్దమనిషి చంకలో ఫైలుతో దిగాడు.

"అన్నా, చెకింగోళ్లు వచ్చిండ్రే!" అన్నాడు లింగన్న.

ఏప్రాన్ విసిరేసి కుర్చీలోకి దూకాను. "నేను కస్టమర్‌ను. కానియ్యి!"

పెద్దమనిషి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. లింగన్న నా జుట్టు కత్తిరించాడు. ఆయన కదల్లేదు. ఇంకా కత్తిరించాడు. ఆయన కాలు మీద కాలేసుకున్నాడు.

"ఇగ కోసెటందుకు ఏం లేదే," గుసగుసలాడాడు లింగన్న.

"గుండు గీకు!"

గీకాడు. ఆయన అక్కడే ఉన్నాడు.

"మీసం గూడ తియ్యి!"

"మీసమా? మీ నాయిన గుండ్రాయోలె ఉన్నడు గదనే!"

"తియ్యిరా బాబూ!"

అదీ పోయింది. అప్పుడు నోరు తెరిచాడు పెద్దమనిషి. "గంగారాం ఎక్కడ?"

"మాఫీ మాలూమ్," అన్నాను నున్నటి తల అడ్డంగా ఊపుతూ. నాకు తెలియదు అని దానర్థం.

లింగన్న ఒకడుగు ముందుకేసి, "ఇండియా పోయిండు సార్" అన్నాడు.

"అయ్యో! నేను ఈ షాపు కఫీల్‌ని. అతని కొత్త ఇఖామా వచ్చింది, నా చేతులతో ఇద్దామని తెచ్చాను. పోయాడంటే రద్దు చేయించాలి," అంటూ ఆయన లేచాడు.

మెడకు చుట్టిన తెల్లగుడ్డతో సహా ఎగిరి ఆయన కాళ్ల ముందు పడ్డాను. "నేనే సార్ గంగారాం!"

ఆయన కార్డు మీది ఫోటో చూశాడు. ఒత్తయిన ఉంగరాల జుట్టు, బుర్ర మీసం. నన్ను చూశాడు. "ఇప్పుడే తెలియదన్నావు?"

లింగన్న గబగబా నేల ఊడ్చి, చేట నిండా వెంట్రుకలు ఎత్తి ఆయన ముందు పెట్టాడు.

"ఇగో సార్, ఫోటోల ఉన్నదంత ఈడున్నది!"

కఫీల్ పొట్ట పట్టుకుని, బెంచీ మీద కూలబడి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. సంగతంతా విని, ఇంకెప్పుడూ కాగితం రాకముందు కత్తెర పట్టవద్దని చీవాట్లేసి కార్డు చేతిలో పెట్టాడు. అబ్బ! ఏడాది తర్వాత తొలిసారి నిండుగా ఊపిరి పీల్చాను.

ఆ సంబరంలో ఫోటో దిగి ఇంటికి పంపాను. అందిన రోజే మా నాయిన ఫోన్ చేశాడు. "ఒరేయ్, నేనింక సావలేదురా!"

అందుకే ఆ ఫోన్‌లోనే ఆయన మీద ఒట్టేసి చెప్పాను: ఇకపై ఏ దేశంలోనైనా కాగితాలు రానిదే కత్తెర పట్టను, వచ్చినాయన ఎవరో అడగనిదే కుర్చీ ఎక్కను.

"ముందుగాల మీసం పెంచు," అన్నాడు మా నాయిన.