స్టాండప్‌లో సాక్ష్యం

ఆ రోజుల్లో పదిమందిలో లేచి నిలబడటమంటే నాకు తెలిసింది ఒక్కటే, సాక్ష్యం చెప్పడం. ములకలపల్లి దగ్గర మా చిన్న మందిరంలో ఆదివారం ఎవరు లేచినా ముందు స్తోత్రం, తర్వాత కష్టం, చివర ప్రార్థన మనవి. సంఘమంతా ‘ఆమెన్’ అనేదాకా కూర్చునే ప్రసక్తే లేదు. ఈ శిక్షణతోనే ఖమ్మంలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను.

దవాఖానాలకు బిల్లుల సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. నెలాఖరున బిల్లు స్క్రీను నడిపి చూపిస్తే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. అదేమో నడవదు. పాత పేషెంటు పేరు కొట్టగానే స్క్రీను తెల్లబోయేది (నా మొహం కూడా). ఎవరినైనా అడిగితే చేతకానివాడంటారని, కంప్యూటర్ మీద చెయ్యి ఉంచి ప్రార్థించేవాణ్ణి.

అప్పుడే మా టీమ్ లీడర్ హైదరాబాద్ వెళ్లి ఎజైల్ అనే కొత్త పని పద్ధతి నేర్చుకొచ్చారు. “రేపటిసంది పొద్దుగాల స్టాండప్, అందరం గుండ్రంగ నిలబడాలె. నిన్న ఏం జేసినం, ఇయ్యాల ఏం జేస్తం, పనికి అడ్డమేమున్నది, గింతే! జల్దీ చెప్పి జల్దీ కూసోవాలె,” అన్నారు. మర్నాడు నిలబడ్డాం. మొదట నన్నే అడిగారు. “అడ్డమేమన్న ఉన్నదా తమ్మీ?”

అంత ఆప్యాయంగా అడిగితే నా కళ్లు వాటంతటవే మూతపడతాయి. “ప్రభువుకు స్తోత్రం!” అని అందుకున్నాను. ఆదివారం ఊరినుంచి వస్తుంటే పాల్వంచలో బస్సు చెడిపోయినా క్షేమంగా చేర్చినందుకు వందనాలు చెప్పి, అమ్మ మోకాళ్ల నొప్పి, గది ఖాళీ చేయమంటున్న ఓనరు మీదుగా బిల్లు స్క్రీను దగ్గరికి వచ్చాను. “ఆ పాత కోడ్ నాకు సమజైతలేదు. నాతోని అయితలేదు. మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండ్రి. ఆమెన్!”

కళ్లు తెరిస్తే, టీమ్ లీడర్ ఫోన్‌లో టైమర్ ఎప్పటినుంచో మోగుతోంది. “ఏంది తమ్మీ గిది! స్టాండప్ అంటే చర్చి అనుకున్నవా?” అందరూ నవ్వారు. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను.

ముదిగొండ నుంచి వచ్చే సీనియర్ అక్క మాత్రం నవ్వలేదు (రోజూ దీపం పెట్టందే గడప దాటని మనిషి). “సార్, గా కోడ్ రాసింది నేనే. గిట్ల నోరు తెరిచి అడిగితే కద తెలిసేది! రా తమ్మీ, కూసో,” అంది. మధ్యాహ్నానికి పాత పేషెంట్లంతా పునరుత్థానం చెందినట్టు స్క్రీను మీద వరుసగా లేచారు. మర్నాడు స్టాండప్‌లో అక్కే తన అడ్డమొకటి చెప్పుకుని, నా వంక ఓరగా చూసి “ఆమెన్” అంది. తర్వాత అందరికీ అదే అలవాటైంది. నెలాఖరున నా ఉద్యోగమూ నిలబడింది.

ఇప్పుడు టీమ్ లీడర్ని నేనే, టైమరూ నా చేతిలోనే. టీమ్‌లోని పిల్లలు ఎవరి ఇళ్లలో వాళ్లుండి, వీడియో కాల్‌లో “అడ్డమేం లేదు సార్,” అని క్షణంలో ముగిస్తారు. అప్పుడు కళ్లు మూసుకుని నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. మైకు ఆపుకుని, వాళ్లు చెప్పని కష్టాలన్నిటికీ కలిపి మెల్లగా ‘ఆమెన్’ అంటాను. మొన్న మైకు ఆపడం మరిచాను. నా ‘ఆమెన్’ అందరి చెవినా పడింది. తర్వాత ఒక గొంతు వినిపించింది.

“సార్... నాదొక అడ్డమున్నది. జెర్ర పొడుగుంటది, చెప్పనా?”

టైమర్ ఆపేశాను.