మావయ్య లెక్క తప్పిన చోట

మా మావయ్య శాక్సోఫోన్ వాయిస్తాడంటే చాలామంది "పెళ్ళిళ్ళకా?" అని అడుగుతారు. కాదు, జాజ్ అంటే "అదేంటి?" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనకి మండదు. "ఒక పాటని అందరం కలిసి ఉన్నదున్నట్టు వాయిస్తాం. తర్వాత ఒక్కొక్కళ్ళం అదే దారిలో మా నడక మేం నడుస్తాం. చివర్లో మళ్ళీ అందరం కలిసి ఇంటికొస్తాం. అంతే" అని ఓపిగ్గా చెబుతాడు.

మా తాతయ్య రేవు దగ్గర ఒక పెద్ద హోటల్లో లిఫ్టు నడిపేవాడు. సాయంత్రాలు ఆ హోటల్ డాన్స్ హాల్లో బ్యాండు వాయించేది. తండ్రికి క్యారేజీ ఇచ్చి ఇంటికి రావాల్సిన మావయ్య, హాలు తలుపు పక్కన గోడకి బల్లిలా అతుక్కుపోయేవాడు. బ్యాండులో శాక్సోఫోన్ వాయించే ముసలాయన ఒకనాడు తలుపు తీసి, "వినడానికొచ్చావా, నేర్చుకోడానికొచ్చావా?" అని అడిగాడట. "రెంటికీ" అన్నాడట ఈయన. దాంతో చదువు అటకెక్కింది. తాతయ్య కొన్నాళ్ళు మాట్లాడటం మానేశాడు. ఆ తర్వాత లిఫ్టులో అతిథులకి "లోపల వాయిస్తున్నది మావాడే" అని అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

ముసలాయన పోయాక ఆ కుర్చీ మావయ్యకొచ్చింది. అక్కణ్ణుంచి ప్రయాణికుల ఓడల్లో బ్యాండులకి వెళ్ళాడు. ఓడ మీద వేదిక అగ్గిపెట్టంత. డ్రమ్మర్ ఇత్తడి పళ్ళేలు ఆయన కుడిచెవికి జానెడు దూరంలో మోగేవి. ఏళ్ళ తరబడి అలా మోగాయి. ఓడలు మాని తిరిగొచ్చేసరికి హోటలువాళ్ళు డాన్స్ హాలుని మీటింగుల గదిగా మార్చేశారు. "మా అన్నయ్య శాక్సోఫోన్ ఊదాడు గానీ ఎవరికీ బాకా ఊదలేదు, అందుకే ఎదగలేదు" అంటుంది మా అమ్మ. అందులో నిజం లేకపోలేదు.

అప్పుడు లాండ్రీ షాపు మీది గదిలో పాఠాలు మొదలుపెట్టాడు. కింద ఇస్త్రీ ఆవిరి చెక్కనేల సందుల్లోంచి పైకొచ్చేది. ఎండాకాలంలో పాఠం అయ్యేసరికి మేమూ ఉతికిన బట్టల్లా ఉండేవాళ్ళం. ఏదైనా ముందు నోటితో పాడాలి, పాడగలిగిందే వాయించాలి. పాడలేనిది వాయిస్తే "వేళ్ళు అబద్ధాలాడుతున్నాయి" అని ఆపేసేవాడు. నేను అక్కడే మనిషెత్తుండే బాస్ అనే తీగల వాద్యం నేర్చుకున్నాను. ఆయన మొదటి శిష్యుడు ఇప్పుడు బ్యాంకులో క్యాషియరు, మావయ్యా, నేనూ, అతనూ కలిసి కట్టిన బ్యాండులో డ్రమ్మరు.

మావయ్య పెట్టిన నియమం ఒకటుంది. వేదిక మీద ఎవడైనా లెక్క తప్పితే మిగతావాళ్ళందరూ వాడున్న చోటికి దూకెయ్యాలి. వినేవాళ్ళకి తప్పు తెలియకూడదు. కానీ కిందికి దిగాక, ఎంత పెద్దవాడైనా సరే, మొహం మీద చెప్పాలి. ఆ చెప్పడంలో మావయ్య ఎవరినీ వదల్లేదు. నన్నయితే అందరి ముందూ ఉతికి ఆరేశాడు.

డ్రమ్స్‌తో జవాబులాట మావయ్యకి ప్రాణం. నాలుగు దెబ్బలు ఒక బార్. డ్రమ్మర్ ఒక్కడే నాలుగు బార్లు వాయిస్తాడు, వెంటనే శాక్సోఫోన్ నాలుగు బార్ల జవాబిస్తుంది. డ్రమ్మర్ వంతులో పాట ఉండదు కాబట్టి అందరూ మనసులో లెక్కపెట్టుకోవాలి. పోయినేడు నుంచి మావయ్య అక్కడ ఒక బార్ ముందే వచ్చేస్తున్నాడు. కుడిచెవి దాదాపు పోయింది, డ్రమ్స్ అటే ఉంటాయి. మేం నియమం ప్రకారం ఆయన వెంట దూకేవాళ్ళం. కిందికి దిగాక మాత్రం నేను బాస్ తీగలు తుడుచుకునేదాన్ని, క్యాషియరు డ్రమ్స్ మూటగట్టుకునేవాడు. ఇద్దరం నోరెత్తలేదు. చెబితే వాయించడం మానేస్తాడని మా భయం. శాక్సోఫోన్ లేని మావయ్యని ఊహించుకోవడం నా వల్ల కాలేదు.

ఒక ఆదివారం అత్తయ్య, ముందురోజు తన ఫోన్లో తీసిన మా కచేరీని భోజనాల దగ్గర మురిపెంగా పెట్టింది. మావయ్య ఎడమచెవి అటు తిప్పి విన్నాడు. జవాబులాట వచ్చేసరికి ఆయన ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "మళ్ళీ పెట్టు" అన్నాడు. వేళ్ళతో బల్ల మీద లెక్కపెట్టుకుంటూ మళ్ళీ విన్నాడు. ముద్ద కంచంలో వదిలేసి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు సాధనకి మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

క్యాషియరు నేల చూపులు చూశాడు. "ఏడాది దాటింది మాస్టారూ."

"బ్యాంకులో నోటు తక్కువైతే ఏడాదిపాటు ఊరుకుంటావా?"

"మావయ్యా, నువ్వు బాధపడతావని..." అన్నాను.

"తప్పు చేసినందుకు బాధపడేవాణ్ణే. అది నా బాధ. దాన్నెందుకు లాక్కున్నారు? అందరికీ చెప్పి నాకే చెప్పలేదంటే, నన్ను పనికిరానివాళ్ళ లెక్కలో ఎప్పుడు కలిపేశారో ఒక ముక్క చెప్పండి."

మా దగ్గరున్నదంతా ప్రేమే, దాంతోనే ఆయన్ని అటకెక్కించేశాం. సిగ్గుతో చచ్చిపోయాను.

"సరే, వాయించండి. తప్పితే ఆపండి" అన్నాడు. ఆ సాయంత్రం ఆపాం. మళ్ళీ వాయించాం, మళ్ళీ ఆపాం. "ఒక బార్ ముందొచ్చావు" అని నేనే చెప్పాను, ఒకసారి కాదు, చాలాసార్లు. డ్రమ్స్ ఎడమవైపుకి మార్చి చూశాం. కొంచెం మెరుగైంది, పూర్తిగా కాలేదు. కిందనుంచి లాండ్రీ ఆయన పైకొచ్చి, "ఇవాళ ఎవర్ని కొడుతున్నారండీ?" అని అడిగిపోయాడు.

సర్దుకునేటప్పుడు మావయ్య అన్నాడు: "శనివారం జవాబులాట ఉంటుంది. నేను తప్పితే మీరు నా వెంట రావద్దు."

"అందరికీ తెలిసిపోతుంది కదా."

"ముందు నాకు తెలియాలి."

శనివారం హాలు సగం పైగా నిండింది. అత్తయ్య ముందు వరసలో కూర్చుంది, ఫోను మాత్రం సంచిలోంచి తియ్యలేదు. జవాబులాట మొదలైంది. మొదటి వంతు మావయ్య సరిగ్గా వచ్చాడు. రెండోదీ సరిగ్గానే వచ్చాడు. మూడో వంతులో క్యాషియరు కర్రలు ఇంకా డ్రమ్ముల మీదే ఉండగా శాక్సోఫోన్ లేచింది.

నా వేళ్ళు అలవాటుకొద్దీ ఆయన వైపు పరిగెత్తబోయాయి. పళ్ళు బిగించి ఆపుకున్నాను. క్యాషియరు చెమటలు కక్కుతూ తన నాలుగో బార్ వాయిస్తూనే ఉన్నాడు. అంతసేపూ మావయ్య వేదిక మీద ఒక్కడే, ఎవరూ తోడు రాని చోట నిలబడ్డాడు. ముందు వరసలో ఎవరో తలెత్తి చూశారు. అత్తయ్య కళ్ళు మూసుకుంది. పరిగెత్తి వెళ్ళి ఆయన్ని పట్టుకోవాలనిపించింది నాకు.

మావయ్యకి వినపడింది. శాక్సోఫోన్ నోట్లోంచి తీశాడు. ఎడమచెవి డ్రమ్స్ వైపు తిప్పి, మిగిలిన దెబ్బలు విని, సరైన చోట ఊదడం మొదలుపెట్టాడు. ఇప్పుడే తప్పిన ఆ ముక్కనే, తొందర లేకుండా, ముందు నోటితో పాడుకున్నట్టుగా వాయించాడు. నేను కింది స్వరాల్లో బాస్‌తో పట్టుకున్నాను. ఏడాది తర్వాత మొదటిసారి ఆయన పక్కన భయం లేకుండా వాయించాను.